నాయిన ఇచ్చిన వాటా

కాజీపేట స్టేషన్‌లో నా పక్కన కూర్చున్నామె ఫోన్లో అన్నను తిడుతోంది. వాళ్ల నాయిన పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడట. అది వంశంలో ఎలా దిగుతుందో పరిశోధించే డాక్టర్లు పిల్లలందరినీ రక్తపరీక్షకు రమ్మంటే, అన్నలు "మేమిద్దరమే" అన్నారట. చెల్లె అత్తగారింటి మనిషి కదా! నెత్తురు పడుతుంటే మూలశంక అనుకుని ఆమె పసరు తాగుతూ కూర్చుంది. ఇప్పుడు ఆమెకూ క్యాన్సరే.

"పొలం మీరే పంచుకున్నరు. రోగం గూడ మీ ఇద్దరికే రాసిచ్చిండా నాయిన? పెండ్లయితే ఇంటిపేరు మారుతది. నెత్తురు మారుతదా అన్నా?"

అవతల ఫోన్ పెట్టేశారు.

"ఒక్క మాట చెప్తే అప్పుడే దవాఖానకు పోదును గదక్కా" అంది నాతో.

పిల్లలెందరని ఎవరడిగినా మా ఆయన కూడా కొడుకులనే లెక్క చెప్పేవాడు. ఆ రోజు నుంచి ఆయన నోరు తెరవకముందే నేను కూతుళ్ల పేర్లు చెబుతున్నాను.