బూర ఇంటికి రాలేదు

ఏ సంగీతానికైనా ముందు పరిచయం చెప్పందే శ్రీరామమూర్తి గారి చెవులు పనిచేయవు. ఒక పెళ్లిలో గట్టిమేళం ఆపించి మరీ రాగలక్షణం చెప్పిన మనిషాయన. ఆ పెళ్లికొడుకు ఇప్పటికీ ఆయన ఎదురైతే సందు మారుస్తాడు.

కాకినాడ నుంచి రాజమండ్రి పోతున్న బస్సులో, సామర్లకోట దగ్గర ఆయన ఎక్కి సత్యశ్రీ పక్కనే కూర్చున్నారు.

"ఆ పెట్టెలో ఏంటమ్మా? సన్నాయా?"

"శాక్సఫోనండి. మాది రాక్ బ్యాండు. పాటలు కొంచెం జాజ్ దారిలో తిరుగుతాయి."

"తిరిగి?"

సత్యశ్రీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆల్బంలోని ముప్పావుగంట పాటలో ఆమె శాక్సఫోను బాణీ వదిలేసి ఎటో వెళ్లి, చాలాసేపటికి తిరిగొస్తుంది. కాకినాడలో వినిపించినప్పుడు అది వెళ్లీ వెళ్లగానే జనమూ వెళ్లిపోయారు. సాయంత్రం రాజమండ్రిలో మళ్లీ వినిపించాలి. ఆ ముక్క కోసేద్దామా అని డ్రమ్ముల సామ్యేలు పొద్దుట్నుంచీ ఫోను మీద ఫోను. బస్సు దిగేలోపు చెబుతానంది. ఇదంతా ఆయనకి చెప్పేసింది.

"జనం తప్పు కాదమ్మా. మా కచేరీల్లో మృదంగం ఒంటరిగా తని ఆవర్తనం మొదలెట్టగానే కాఫీకి లేస్తారు. మొదట ఒకడు లేస్తాడు. వాణ్ని చూశాక మిగతావాళ్లకి దాహం పుడుతుంది. ఏదీ, పెట్టు!"

ఆయన సంచిలోంచి చిన్న స్పీకరు బయటికొచ్చింది. వెనకాలే ఆయనా లేచి నిలబడ్డారు.

"అయ్యా, అమ్మా! ఇది ఏడు లెక్క పాట. మన మిశ్రచాపు తాళమే, ప్యాంటు తొడుక్కుంది. గిటారు గొణుగుతుంది, పట్టించుకోకండి. మధ్యలో బూర దారి తప్పుతుంది. కంగారు పడకండి. ధవళేశ్వరం దగ్గర గోదారి పాయలుగా చీలిందని మనమేమైనా బెంగపడ్డామా? సముద్రం దగ్గర చూసుకుందాంలే అనుకున్నాం!"

పరిచయం అనపర్తి దాటింది. పాట మొదలయ్యాకా రెండుసార్లు ఆపి, మళ్లీ మొదట్నుంచీ పెట్టించారు.

"పాట కంటే మీరే పొడుగున్నారండీ!" అన్నాడు మొక్కల బుట్టతో కూర్చున్న అప్పాజీ.

ద్వారపూడి వచ్చింది. కండక్టరు ఆశాజ్యోతి ఊరి పేరు రెండుసార్లు అరిచి, ఆయన దగ్గరికొచ్చింది. ఆయన ఆమె చెవిలో ఏదో చెప్పి, తొడ మీద ఏడు లెక్క వేసుకుంటూ కూర్చున్నారు. అప్పుడే శాక్సఫోను దారి తప్పింది. సత్యశ్రీ కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి రాజమండ్రి బస్సు కాంప్లెక్సు. బస్సు ఆగింది. ఎవరూ లేవలేదు.

"దిగండి బాబూ!" అన్నాడు డ్రైవరు.

"ఉండండి డ్రైవరు గారూ," అన్నాడు అప్పాజీ, "బూర ఇంకా ఇంటికి రాలేదు!"

వచ్చింది. ఏడో దెబ్బ మీద, ఏమీ ఎరగనట్టు వచ్చి బాణీలో కలిసింది. "హమ్మయ్య!" అని బస్సు బస్సంతా లేచింది.

సత్యశ్రీ పక్కకి తిరిగితే సీటు ఖాళీ.

"ఆయనది ద్వారపూడేనండీ," అంది ఆశాజ్యోతి. "దిగండి మాస్టారూ అంటే, 'ఇప్పుడు నేను లేస్తే బస్సంతా లేస్తుందమ్మా, రాజమండ్రికి టిక్కెట్టు కొట్టెయ్' అన్నారు."

సత్యశ్రీ ఫోను తీసింది. "సామ్యేలూ, కోయొద్దు."

కిటికీలోంచి చూస్తే ఆయన సంచి ఊపుకుంటూ, వెనక్కి తిరగకుండా ద్వారపూడి బస్సు వైపు నడుస్తున్నారు. అందులో డ్రైవరు అప్పుడే పాట పెట్టాడు. ఆయన మెట్టు మీద కాలు పెడుతూనే చెయ్యెత్తారు.

"ఒక్క నిమిషం బాబూ, అది ఆపు!"