మూడో గాటు దాకా తడి

మొన్న మా మనవరాలు కొత్త కారులో మా ముసలి దంపతులిద్దరినీ కరీంనగర్ బజారుకు తీసుకుపోతుంటే, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. నేను కంగారుపడి, దిగి తోద్దామని తలుపు మీద చెయ్యి వేశాను. ఆ పిల్ల పకపకా నవ్వి, పెట్రోలు ఆదా కోసం బండి తనంతట తనే ఆగుతుందని, పచ్చదీపం పడగానే మళ్లీ లేస్తుందని చెప్పింది. వెనక సీట్లో మా ఆవిడ కూడా నవ్వింది గానీ, ఆమె నవ్వుకు కారణం వేరు. ఒకప్పుడు మా బండిలో ఆ పని చేసింది వాళ్ల బాపు చెయ్యి.

వాళ్ల బాపు నాకు స్వయానా మేనమామ. ఆయనకు ఒక లారీ, ఒక కూతురు. బియ్యం బస్తాలతో కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు పోవడం, అక్కడి జిన్నింగ్ మిల్లు నుంచి పత్తి బేళ్లతో తిరిగి రావడం, ఇదే ఆ లారీ జీవితం. నాకు లైసెన్సు చేతికొచ్చిన కొత్తలో రెండేళ్లు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపాను. నేను తొక్కేది ఆక్సిలేటరే అయినా, ఆయనకు మాత్రం నా కాలు తన ఛాతీ మీద ఉన్నట్టే ఉండేది. చెప్పులు విప్పి ఉత్తకాలితో తొక్కమనేవాడు, ఎంత బరువు వేస్తున్నామో పాదానికి అప్పుడే తెలుస్తుందట. టార్పాలిన్ కొస గాలికి టపటపలాడితే, అది బండిని వెనక్కి గుంజి డీజిల్ తాగిస్తుందని, బండి ఆపించి మళ్లీ బిగించి కట్టించేవాడు. దూరాన గొర్రెల మంద రోడ్డు దాటుతూ కనబడితే, మనం చేరేసరికి అది దాటిపోయేలా అక్కడి నుంచే కాలు తీసెయ్యాలి. నేను మరిచిపోయి దగ్గరిదాకా పోయి ఆపితే ఇక మొదలు.

"బిరేకు తొక్కినవంటే, ఇంతసేపు తాగిపిచ్చిన డీజిల్ రోడ్డు మీద పారబోసినట్టేరా."

మిల్లు ముందు లారీల వరసలో నేను ఇంజన్ ఆపడం మరిచిపోతే ఆయన చెయ్యి నా మీదుగా వచ్చి ఆపేసేది. వరస నాలుగు అడుగులు కదిలితే స్టార్టు చేయనివ్వకుండా, అక్కడున్న రైతులతో వచ్చీరాని మరాఠీలో పరాచికాలాడి, పదిమంది చేత ఖాళీ లారీని తోయించేవాడు. సిగ్గుతో నా తల స్టీరింగ్ కిందికి పోయేది గానీ, తోసినవాళ్లు మాత్రం నవ్వుతూనే తోసేవారు.

ఆ లారీలో డీజిల్ చూపించే ముల్లు ఏనాడూ పనిచేయలేదు. దానికి బదులు ఒక వెదురుకర్ర ఉండేది, దాని మీద అడుగు నుంచి మూడు గాట్లు. ఇంటి నుంచి ట్యాంకు నిండుగా పోయించుకుని బయలుదేరి, తిరిగొచ్చాక కర్రను ముంచి, తడి ఏ గాటు దాకా ఉందో చూసేవాళ్లం. తడి తెలిసేలా కర్రకు సుద్దముక్క రుద్ది ఇచ్చే పని మా మరదలిది. మూడో గాటు దాకా తడి తేవడం మామకొక్కడికే చేతనయ్యేది.

మా అవ్వ ఒకనాడు తమ్ముడి దగ్గర కూర్చుని, పిల్లను నా కొడుక్కియ్యి అని అడిగింది. ఆయన కాదనలేదు, సరే అనలేదు.

"ఒక్కడు పోయి మూడో గాటు దాకా తడి తెమ్మను అక్కా. బండి వానిదే, పిల్ల వానిదే."

తలుపు చాటున మరదలు విననే విన్నది. తెల్లారి నుంచి ఇనుపకడ్డీతో టైర్లు కొట్టి, గాలి ఉందా లేదా అని తనే చప్పుడు వినడం మొదలుపెట్టింది. నాకు అంతకంటే ధైర్యం ఏం కావాలి?

మామ లేకుండా పోయిన ఆ మొదటిసారి నేను అతితెలివికి పోయాను. తిరుగుదారిలో నిర్మల్‌కు ముందు వచ్చే ఘాట్‌లో ఇంజన్ ఆపేసి, న్యూట్రల్‌లో బండిని వదిలేశాను. దిగుడంతా పుణ్యానికి దొరికిన దారే అనుకున్నాను. చివరి మలుపులో బ్రేకు సరిగా పట్టక ప్రాణాలు అరచేతికొచ్చిన సంగతి ఇంట్లో చెప్పలేదు. కర్ర ముంచితే తడి మూడో గాటు దాటింది! మరదలు నవ్వు దాచుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. మామ మాత్రం కర్ర చూడలేదు. చక్రం దగ్గర గొంతుకూర్చుని, వేడికి నీలం పట్టిన బ్రేకు డ్రమ్మునూ ఇంకా పోని కాలిన వాసననూ చూశాడు.

"డీజిల్ మిగిల్చినవ్ గని అల్లుడా, పానం ఖర్సు పెట్టినవ్. నీకు పిల్లనెట్లియ్యాలె?"

మరదలు కర్ర తీసుకుని లోపలికి పోయింది. ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. అది మామ మాటకన్నా గట్టిగా తగిలింది.

రెండోసారి, ఘాట్ ఎక్కేటప్పుడు వేసిన గేరులోనే దిగాను. గొర్రెలకూ ఎడ్లబండ్లకూ ముందే కాలు తీశాను, టార్పాలిన్ మూడుసార్లు బిగించాను. మామ చెప్పినవాటిలో ఒక్కటి వదలలేదు. అయినా ఇంటికొచ్చి ముంచితే తడి మూడో గాటుకు రెండు వేళ్లు కిందే ఆగిపోయింది. మరదలి ముఖం చూడలేక నేల చూశాను. మామ తాపీగా బండి చుట్టూ తిరిగి, ఒక్కో డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించి, చెయ్యి వాసన చూసుకుని వచ్చాడు. కూతురి చేతిలోని కర్ర తీసుకుని, జేబులోంచి చాకు తీసి, తడి ఆగినచోట కొత్త గాటు పెట్టాడు.

"పైది నా గాటు. గిది నీది. మీ అవ్వకు చెప్పు, ముహూర్తం సూడుమను."

ఆ మామ లేడు, ఆ లారీ తుక్కుకు పోయింది. కర్ర మాత్రం ఉంది, మా ఆవిడ దానితో బూజు దులుపుతుంది. ఇప్పటి బండ్లు చుక్క చుక్కకూ లెక్క చెబుతున్నాయి, ఎవరి చెయ్యీ మీదుగా రానక్కర లేదు, ఎవరూ తోయనక్కర లేదు. మంచిదే. కానీ స్టీరింగ్ ముందున్న ఆ తెర మైలేజీ అంకె తగ్గితే తగ్గినట్టే చూపుతుంది, చాకు తీసే మనిషి అందులో లేడు.

మొన్న ఇంటికొచ్చాక ఆ అంకె క్రితం రోజుకన్నా తగ్గిందని మనవరాలు ముఖం చిన్నబుచ్చుకుంది. నేను దిగి, కారు చుట్టూ తాపీగా తిరిగి, నాలుగు చక్రాల మీదా అరచెయ్యి ఆనించి, చెయ్యి వాసన చూసుకున్నాను. మా ఆవిడ కళ్లు తుడుచుకోవడం కనబడింది. మంచిగ నడిపినవ్ బిడ్డా అన్నాను.