తీసేసిన చెరుకు బళ్ల సీను

1973. చోడవరంలో ఓ రేకుల సినిమా హాల్లో నేను ప్రొజెక్టర్ ఆపరేటర్ని. పట్నాల్లో ఆడి ఆడి అరిగాకే ప్రింటు మా దాకా వచ్చేది. తెర మీద నిలువు గీతలు పడేవి. వాటిని మేం ‘వాన’ అనేవాళ్లం. ఫిల్ము అంచున వరసగా చిల్లులుంటాయి, పెర్ఫొరేషన్లు. అవి చిరిగితే ఆ ముక్క కత్తిరించి, కొసలు రెండూ ఫిల్ము సిమెంటుతో అతికేవాణ్ణి. దాన్ని స్ప్లైసు అంటారు. నేనేసిన స్ప్లైసు ఊడదని నాకు మహా పొగరు.

ఓ సినిమాలో చెరుకు బళ్ల సీను మొదటిరోజే రెండుసార్లు తెగింది. జనం ఈలలు, బూతులు! నాకు ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున్నే సీను మొత్తం కోసి చెత్త డబ్బాలో పారేశాను.

ఆరోజు మ్యాట్నీ వదిలాక ఒకావిడ కేబిన్ మెట్ల దగ్గరకొచ్చింది. రావికమతం దగ్గర పల్లె, పేరు సన్యాసమ్మ.

“బాబూ, మా గుంటడేడి? చెరుకు బండి తోలతన్నాడట. నిన్న మా తమ్ముడు సూసేడు.”

“మీ కొడుకు సినిమాలో ఏసేడా?”

“షూటింగోళ్లు మా ఊరొచ్చినప్పుడు తీసేరు. ఆ ఏడే జొరమొచ్చి పోయేడు. ఇంట్లో ఆడి పొటో ఒక్కటీ నేదు బాబూ.”

సిగ్గుతో చచ్చిపోయాను. డబ్బా బోర్లించి ముక్క వెతికాను. చిరిగిన చోట్లు మాత్రం కోసి మిగతాది అతికాను. పొద్దున చెయ్యాల్సిన పనీ అదే, కోపంలో బద్దకించాను.

ఖాళీ హాల్లో ఆవిణ్ణి కూర్చోబెట్టి ఆ ముక్కొక్కటే వేశాను. ఒకటే వాన. బండి మీద కుర్రాడు తలపాగా సర్దుకుని, నవ్వి, వెళ్లిపోయాడు. అంతే, నాలుగు క్షణాలు.

“ఆపు బాబూ! కూసింత ఆపు!”

ఆపితే కార్బన్ దీపం వేడికి ఫిల్ము కాలిపోతుంది.

“ఆపకూడదమ్మా. మళ్లీ ఏస్తానుండు!” అని అరిచాను.

రెండోసారి వేశాను. మూడోసారీ వేశాను. నాలుగోసారికి ఫిల్ము ఎక్కిస్తుంటే ఆవిడే మెట్లెక్కి వచ్చింది.

“గీతలు ఎక్కువున్నాయమ్మా. మొహం కనపడిందా?”

“గీతలేటి బాబూ? నాను సూడనేదు,” అంది. కళ్లు తుడుచుకుంది. “ఇంక సాలు. అన్నేసిసార్లు తోలితే ఎడ్లు అలిసిపోతాయి.”

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆపరేటర్‌గానే చేశాను. ఏ ముక్క కొయ్యాల్సొచ్చినా ముందు దాన్ని దీపానికి ఎదురుగా పట్టేవాణ్ణి. అందులో ఎవరున్నారో చూశాకే కత్తెర తీసేవాణ్ణి.