కొత్త కాయ

జగదల్‌పూర్‌లో తెలుగువాళ్ల ఉగాది సభలో చదవడానికి ఒక కథ రాశాను. పండగ ముందురోజు మధ్యాహ్నం అమ్మకు చదివి వినిపించాను. గోదావరి జిల్లా నుంచి కిరండూల్ గనుల కాలనీకి కాపురానికొచ్చిన ఇల్లాలు, విస్తరాకులు అమ్మే అడవి పల్లె ఆవిడకు ఉగాది పచ్చడి రుచి చూపిస్తుంది. ఆ ఇల్లాలు మా అమ్మే. చివర్లో పల్లె ఆవిడ పచ్చడి తిని, "ఇంక మేమూ మీవాళ్లమే" అంటుంది. ఆ వాక్యం రాసినప్పుడు నా భుజం నేనే తట్టుకున్నాను.

అమ్మ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆవిడ తినలేదు కదే," అంది.

తినలేదని నాకూ తెలుసు. అప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆవిడ తెలుగు సరిహద్దు దగ్గరి ఉసూర్ వైపు నుంచి మా పక్క పల్లెకు కోడలుగా వచ్చింది, తెలుగు వచ్చు. ఆ కాలనీలో అమ్మకు మొదట దొరికిన తోడు ఆవిడే. గిన్నెలో మామిడి ముక్కలు చూసి మెల్లగా కింద పెట్టేసింది. అమ్మ మొహం చిన్నబోయింది.

"ఏం చెల్లీ, మా చేతి వంట తినకూడదా?"

"అట్ల గాదక్కా. కొత్త కాయ గదా. మా ఊళ్లె ఇంక పండుం గాలే. పెద్దలకు పెట్టకముందు మేమెట్ల తింటం?"

పండుం అంటే కొత్త పంట చేతికొచ్చినప్పుడు ఊరంతా చేసే పండగ. ఆ ఏడు వాళ్ల మామిడి పండుం ఉగాది దాటాక వచ్చింది. అది అయ్యేదాకా కొత్త కాయ ఎవరూ నోట పెట్టరట.

మరుసటి ఉగాదికీ వాళ్ల పండుం కాలేదని అమ్మ పచ్చడిలో మామిడికాయ వేయలేదు. ఇదేం పచ్చడి, చారులా ఉంది అని నాన్న సణిగాడు. "ఆవిడ తినంది నేనెలా తింటాను?" అంది అమ్మ. అంతే, ఇక ఏటా అదే వరస. పండుం అయిన మర్నాడు ఆవిడ కొంగులో కాయలు కట్టుకుని వచ్చేది. అమ్మ గుమ్మంలోనే నిలబడి ఒకటి కొరికేది. మా ఇంట్లో కొత్త కాయ తినేది ఆ రోజు నుంచే.

ఇదంతా చూస్తూ పెరిగి, కథలో మాత్రం వాళ్లనే మనలో కలిపేశాను. కలిసిపోవడమంటే అవతలివాళ్లు ఇటు రావడమే అనుకున్నాను కాబోలు. సిగ్గేసింది.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. అమ్మ ఇప్పుడు జగదల్‌పూర్‌లో నా దగ్గరే ఉంటోంది. ఉగాది పొద్దున బజారులో కొన్న కాయ కోసి, పచ్చడి కలిపి ఇచ్చాను.

"ముక్కలు లేకుండా కలపవే," అంది.

"ఇక్కడ ఎవరు చూస్తారమ్మా?"

అమ్మ ఫోన్ తీసి ఆవిడ కూతురికి చేసింది.

"మీ ఊళ్లో పండుం అయిందా తల్లీ?"

"ఇంక పది రోజులున్నది పెద్దమ్మా. నువ్వు తినకు, నేను తెస్త."

"నేనెందుకు తింటాను," అంది అమ్మ.

ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఈ మనిషి ఎంత దూరం నడిచిందో నేను చూడనేలేదు.

అప్పటికప్పుడు కథ దిద్దాను. పల్లె ఆవిడ చేత పచ్చడి గిన్నె కింద పెట్టించాను. "ఇంక మేమూ మీవాళ్లమే" అన్న మాట మాత్రం వదులుకోలేక ఇల్లాలితో అనిపించాను. మళ్లీ అమ్మకు చదివాను.

"నేనెప్పుడన్నానే ఆ మాట?" అంది.

ఆ వాక్యం కొట్టేసి, మామిడి ముక్కలు లేని పచ్చడి ఇద్దరికీ కలిపాను.