కంప్యూటర్‌కు అంటించిన బొట్టుబిళ్ళలు

మా అత్తమ్మ పోయిన సోమవారం పొద్దున నిద్రలోనే వెళ్లిపోయారు. శామీర్‌పేటలో మా ఇంటికి వచ్చినవాళ్లంతా ఆమె చేతివంట గురించి చెబుతుంటే, నాకేమో చెడిపోయిన కంప్యూటర్ కథ చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. అప్పుడు బాగుండదని ఊరుకున్నాను. ఇప్పుడు మీకు చెప్పేస్తాను.

అత్తమ్మ మేడ్చల్‌లో ఏళ్ల తరబడి కుట్టుమిషన్లు బాగుచేసిన మనిషి. కంప్యూటర్ జోలికి ఎప్పుడూ పోలేదు. నేను ఇళ్ల ప్లాన్లు గీస్తాను. దుండిగల్‌లో ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టాలని, విడిభాగాలు తెచ్చుకుని కంప్యూటర్‌ను నా చేతులతోనే బిగించుకున్నాను. దసరా నాడు అత్తమ్మే దానికి పసుపు కుంకుమ పెట్టి, మూత ఇంకా బిగించని డబ్బా మీద పైనుంచి అక్షింతలు చల్లారు.

ఆ తర్వాత వారానికి, నా మొట్టమొదటి ప్లాన్ చూడటానికి యాప్రాల్ నుంచి దంపతులు పదకొండింటికి వస్తామన్నారు. నాకు కాలు నిలవదు కదా, ఆ పొద్దున దుమ్ము దులిపాను, వైర్లు సర్దాను, గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి మళ్లీ పెట్టాను, ఖాళీగా ఉన్న గాడిలో కొత్తగా తెచ్చిన రెండో ర్యామ్ నొక్కాను. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి గానీ తెర నల్లగానే ఉంది. ప్లాన్ అందులో తప్ప ఇంకెక్కడా లేదు. షాపు అతనికి ఫోన్ చేస్తే మదర్‌బోర్డు పోయుంటుంది, మార్చాల్సిందే అన్నాడు. ఏడుపు మొహంతో దొరికిన వైరునల్లా పీకుతుంటే అత్తమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఒక్కపారే అన్నీ ముట్టుకుంటే తప్పు ఏడుందో ఎట్ల దెలుస్తది బిడ్డా? ఖరాబైంది దేవులాడకు. మంచిగున్నదేందో సూడు. మిగిలిందే ఖరాబు."

అద్దానికి అంటించి ఉన్న తన బొట్టుబిళ్ళలు ఒలుచుకొచ్చి పక్కన కూర్చున్నారు. ఏవి లేకపోతే నడవదో నన్నడిగి, అవి మాత్రం ఉంచి మిగతావన్నీ తీయించారు. తెర వెలిగింది! ఇక ఒక్కొక్కటే పెట్టడం. ప్రతిసారీ గోడ మీద స్విచ్ ఆపాలి, ఒక భాగం పెట్టాలి, మళ్లీ వేయాలి. తెర వెలిగితే ఆ భాగానికి బొట్టు. ఫ్యాన్ తిరిగేది తన కళ్లకు ఆనడం లేదని దాని మధ్యలో కాస్త పక్కకు ఒకటి అంటించారు. ఎర్రటి గుండ్రం కనిపిస్తే తిరుగుతున్నట్టు.

చివరికి కొత్త ర్యామ్ దగ్గర తెర మళ్లీ నల్లబడింది. దొంగ దొరికిందని నేను ఎగిరి గంతేశాను. అత్తమ్మ మాత్రం తొందరపడి దాని మీద నింద వేయొద్దని, పాత ర్యామ్ తీసి దాని గాడిలో కొత్తది పెట్టి చూడమన్నారు. వెలిగింది! అంటే ర్యామ్ మంచిదే, రెండో గాడిలోనే ఏదో ఉంది. ఫోన్ లైటు వేసి చూస్తే అడుగున పసుపుపచ్చటి నూక ఇరుక్కుని ఉంది. దసరా అక్షింత.

"నేను జల్లిందే గద," అన్నారు అత్తమ్మ. "తప్పు నాది బిడ్డా, గా డబ్బాను తిట్టకు."

సన్న పట్టకారుతో నూక తీసి, ర్యామ్‌లు రెండూ పెట్టి స్విచ్ వేశాను. తెర మీద ప్లాన్ తెరుచుకుంటుండగానే కాలింగ్ బెల్ మోగింది. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా లేదు.

నిన్న కంప్యూటర్ మళ్లీ నల్లమొహం వేసింది. ఆమె లేకుండా నాకు చేతనవుతుందా అని భయం వేసింది. అద్దం మీద మిగిలిన బొట్టుబిళ్ళలు ఒలుచుకొచ్చి కూర్చున్నాను. ఈసారి దేన్నీ గాభరాగా పీకలేదు. ఒక్కొక్కటే చూసుకుంటూ వెళితే అన్నీ మంచివే, తెరకు వెళ్లే కేబుల్ ఒక్కటే బొట్టు లేకుండా మిగిలింది. అది మార్చగానే తెర వెలిగింది.

"దొరికింది అత్తమ్మా," అని అరిచాను, ఆమె గది వైపు తిరిగి.

తెరిచి ఉన్న డబ్బాలో, ఫ్యాన్ మీద ఆమె అంటించిన బొట్టుబిళ్ళ ఎర్రగా, గుండ్రంగా తిరుగుతూ ఉంది.