ఆవలించిన సింహం

మొన్న ఆదివారం మధ్యాహ్నం, నంద్యాలలోని మా ఇంట్లో భోజనాలయ్యాక అందరం ఫ్యాను కింద చాపల మీద ఒరిగి ఉంటే, మా మనవరాలు ఫోను పట్టుకుని జంతువుల వింతలు ఒక్కొక్కటే చదివి వినిపించింది. ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయట, జిరాఫీ నాలుక నల్లగా ఉంటుందట, సీతాకోకచిలుక కాళ్ళతో రుచి చూస్తుందట. ఒక్కోదానికి మా కోడలు ఔరా అనడం, తన ఆఫీసులో ఒకాయనకు ఒక్క గుండె కూడా లేదని మా అబ్బాయి ఏదో ఒకటి విసరడం, పిల్ల పొట్ట పట్టుకుని నవ్వడం. ఆ వరుసలోనే సింహం వచ్చింది. అడవికి రాజని పేరే గానీ అది రోజులో ఎక్కువ భాగం నిద్రలోనే గడుపుతుందని చదివి, నోరంతా తెరిచి ఆవలిస్తున్న సింహం ఫోటోను ఫోను తిప్పి అందరికీ చూపించింది. ఇల్లంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ సంగతి ఫోన్లు రాకముందే మా ఇంట్లోకి వచ్చింది, వచ్చి మా నాయనను పట్టుకుని ఇక వదల్లేదు.

మా పుట్టిల్లు ఆళ్లగడ్డ. కర్నూలు నుంచి కడపకు బస్సులో పోయినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రోడ్డు పక్కన పంచల ముందు సగం చెక్కిన విగ్రహాలు ఎండలో నిలబడి ఉండేవి, బస్సు ఆగినంతసేపూ ఉలి చప్పుడు వినిపించేది. ఆ పంచల్లో ఒకటి మాది. దేవుళ్ళను చెక్కేవాళ్ళు మా వీధిలో చాలామందే ఉండేవాళ్ళు గానీ, దేవుళ్ళు ఎక్కే వాహనాలకు మాత్రం మా నాయననే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. నంది, నెమలి, ఎలుక, ఏనుగు, సింహం, ఆయన చేతిలో పడ్డదేదైనా ఇప్పుడే లేచి నడుస్తుందేమో అన్నట్టుండేది. మా అమ్మ మాత్రం ఈ మనిషికి దేవుళ్ళ కంటే గొడ్ల మీదే భక్తి ఎక్కువని దెప్పేది. ఆ దెప్పుడులో కొంత నిజం లేకపోలేదు.

మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఏం కథలు చెప్పేవాళ్ళో గానీ, మా ఇంట్లో అన్నం తినేటప్పుడు జంతువుల సంగతులే. ఆవు లేచేటప్పుడు ముందు వెనక కాళ్ళ మీద లేస్తుంది, గుర్రం ముందు కాళ్ళ మీద లేస్తుంది, అందుకని పడుకున్న నందిని గుర్రంలాగా కూర్చోబెడితే అది జన్మకు లేవదు అనేవాడు. చిలుక కాలికి రెండు వేళ్ళు ముందుకు, రెండు వెనక్కి ఉంటాయని, అమ్మవారి చేతి మీద కోడి కాళ్ళ చిలుకను కూర్చోబెట్టిన పనివాళ్ళను చూస్తే తనకు తల తిరుగుతుందని అనేవాడు. ఎలుక పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయట, కొరక్కపోతే నోట్లో పట్టవట. మన ఉలి దానికి ఎదురు, వాడేకొద్దీ అరిగిపోతుందని నవ్వేవాడు. ఆవుకు పై దవడకు ముందు పళ్ళు ఉండవని ఆయన చెబితే మా తమ్ముడు నమ్మలేదు. చూసి వస్తానని పక్కింటి బర్రె మూతి పట్టుకున్నాడు. అది వాడి ముఖమంతా ఒకసారి నాకి వదిలిపెట్టింది. పళ్ళున్నాయో లేవో చూడనేలేదు వాడు, ఆ నాలుక గరుకు గురించే వారం రోజులు చెప్పుకున్నాడు.

ఇన్ని సంగతులు నాయనకు పుస్తకంలో దొరికినవి కావు. దొడ్డి దగ్గర, సంతలో, ఊరి బయట గంటల కొద్దీ నిలబడి చూసినవి. చూడని జంతువు ఒక్కటే, సింహం. దాన్ని వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్న కొలతల ప్రకారం చెక్కేవాడు. గుండ్రని జూలు, తెరిచిన నోరు, బయటికి ఉబికిన కళ్ళు. ఆ కొలత తప్పేది కాదు, ఆ సింహాలను చూసి ఏ ఊరివాళ్ళూ వంక పెట్టలేదు. అయినా ఆయనకు లోపల ఎక్కడో గుచ్చుతూనే ఉండేది.

గడివేముల దిక్కున ఒక ఊళ్ళో అమ్మవారి గుడి కొత్తగా కట్టించుకుంటూ, వాహనంగా పెద్ద సింహం కావాలని ఊరి పెద్దలు వచ్చి చెప్పారు. నాయన అప్పటిదాకా చేసినవాటిలో అదే పెద్దది. ఇది బాగా కుదిరితే చుట్టుపక్కల గుళ్ళ పనంతా తన పంచకే వస్తుందని ఆయనకూ తెలుసు, మా అమ్మకైతే ఇంకా బాగా తెలుసు. వేసవంతా దాని మీదే కూర్చున్నాడు. మా పనిలో ఒక పద్ధతి ఉంది, కళ్ళు అన్నిటికంటే చివర. ఒళ్ళంతా పూర్తయి, నునుపు తేలి, మంచి రోజు చూసుకుని, కొబ్బరికాయ కొట్టి అప్పుడు కళ్ళు తెరుస్తారు. అందాకా అది రాయే. పెద్దలు ఒకసారి వచ్చి, కళ్ళు లేని ఆ సింహాన్ని చుట్టూ తిరిగి చూసి, తెరిచిన నోట్లో చెయ్యి పెట్టి, ఇది గర్జిస్తే మా ఊరి దాకా వినపడుతుందని మురిసిపోయి వెళ్ళారు. ఇక కళ్ళే మిగిలాయి.

సరిగ్గా అప్పుడే నంద్యాలలో సర్కస్ దిగింది. జీపులో మైకు పెట్టుకుని ఆళ్లగడ్డ దాకా వచ్చి రంగు కాగితాలు చల్లిపోయారు. మేం వాటి కోసం రోడ్డు మీద పరుగెత్తి తెచ్చుకుంటే, నాయన ఒకటి తీసుకుని అందులోని సింహం బొమ్మను చాలాసేపు చూశాడు. "ఇన్నేండ్లు చెక్కితి, ఒక్క దినం దీని మొగం చూడ్లేదు. కండ్లు పెట్టేలోగా చూసొస్తా," అన్నాడు అమ్మతో. అమ్మకు నచ్చలేదు. "నీకు మీ నాయన చెప్పిన కొలతుండాది గదా, ఇంకేం గావాల? పోయి దాన్నేమన్నా మాట్లాడిస్తావా?" అంది. అయినా మమ్మల్నిద్దరినీ తీసుకుని నంద్యాల బస్సెక్కాడు.

ఆ డేరాలో నేను చూసిన ఆనందం మళ్ళీ ఎక్కడా చూడలేదని ఇప్పటికీ చెప్పగలను. ఏనుగు పీట మీద కూర్చుంది, చిలుకలు బుల్లి బండి లాగాయి, జోకరు కుక్కకు దండం పెడితే కుక్క వాడికి వీపు తిప్పింది. తమ్ముడు నవ్వి నవ్వి ఎక్కిళ్ళు తెచ్చుకున్నాడు. అప్పుడు సింహాన్ని తోలుకొచ్చారు. అది నాలుగడుగులు వేసి మధ్యలో కూలబడింది. ఆడించేవాడు కొరడా నేల మీద కొట్టాడు, రింగు చూపించాడు, పేరు పెట్టి పిలిచాడు. అది అతని వైపు చూసి, నోరంతా తెరిచి ఆవలించి, తల ముందు కాళ్ళ మీద పెట్టుకుంది. డేరా అంతా గొల్లుమంది. మేమూ నవ్వాం. నాయన నవ్వలేదు.

ఆట అయిపోయాక డేరా వెనకకు వెళ్ళి, బోను కాపలావాణ్ణి బతిమాలుకుని, దాని ముందు నిలబడ్డాడు. జూలు అక్కడక్కడా ఊడిపోయి ఉంది, పక్కటెముకలు కనిపిస్తున్నాయి. అది తల ఎత్తి ఆయన్ను చూసింది. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు, తమ్ముడు ఆకలని ఏడుపు మొదలుపెట్టేదాకా నిలబడ్డాం. తిరుగు బస్సులో నాయన కిటికీ వైపు తిరిగి కూర్చుని ఒక్క మాటే అన్నాడు. "అది మనల్ని సూస్తాండాది గానీ, మనం దానికి కనపడ్లా పాపా." నాకు అప్పుడు అర్థం కాలేదు.

మంచి రోజు వచ్చింది. అమ్మ పంచ అలికి ముగ్గు పెట్టింది, నాయన కొబ్బరికాయ కొట్టి ఉలి అందుకుని, మమ్మల్ని బయటికి పంపేశాడు. సాయంత్రానికి సింహానికి కళ్ళొచ్చాయి. మరునాడు పెద్దలు బండి కట్టుకుని వచ్చారు, గుడ్డ తీసి చూశారు. ఒళ్ళంతా వాళ్ళు చూసి మెచ్చిన సింహమే, తెరిచిన నోరు అదే నోరు. కానీ పైన ఆ అలసిపోయిన కళ్ళు, సగం వాలిన రెప్పలు వచ్చేసరికి గర్జన కాస్తా ఆవలింత అయిపోయింది. వాళ్ళలో ఒక పెద్దాయన, "ఏందప్పా ఇది, నిద్దర పోతాండాదా? అమ్మోరు యాడికన్నా పోవాలంటే దీన్ని లేపుకోని పోవాల్నా?" అన్నాడు. మిగిలినవాళ్ళు పైగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాయన చేతులు తుడుచుకుంటూ, "సింహం అట్లనే ఉంటాదన్నా, నేను చూసొచ్చినా," అన్నాడు. "మాకు ఉండే సింహం వద్దప్పా, గుళ్ళో ఉండాల్సిన సింహం గావాల," అన్నాడాయన, కోపంగా కూడా కాదు. ఆ మాటలోనూ న్యాయం ఉందని ఇప్పుడు నాకు అనిపిస్తుంది, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

కళ్ళు సరిచేయమన్నారు. మట్టయితే ఇంత ముద్ద అద్దవచ్చు, రాయిలో తీసింది తిరిగి రాదు. ఉబికిన కళ్ళకు కావలసిన రాయి అప్పటికే పొడై కింద పడిపోయింది. ఇంకో సింహం చేసిస్తానని కొత్త రాయి తెప్పించాడు గానీ, కళ్ళ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ అవే కళ్ళు. వాళ్ళ నాయన కొలత ఆయనకు నోటికి వచ్చు, చేతికి మాత్రం రానంది. పెద్దలు తమ సింహాన్ని పక్క పంచలో చేయించుకున్నారు. కబురు ఊళ్ళు తిరిగింది, నందులూ నెమళ్ళూ కూడా మా ఇంటికి రావడం మానేశాయి. నాయన ఆ రెండో సింహం రాయిని పలకలుగా కోసి, సమాధి రాళ్ళు చెక్కడానికి కుదురుకున్నాడు. మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో ఎవరైనా పోతే నునుపైన పలక మీద శిలువ, పేరు, కింద ఒక వాక్యం చెక్కించుకునేవాళ్ళు. అక్షరాలకు కళ్ళు పెట్టే పని లేదు, ఎవరూ తిప్పి పంపరు అనేవాడు. ఆ మాట అనేటప్పుడు నవ్వేవాడు, మాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. అన్నం దగ్గర జంతువుల సంగతులు చెప్పడం కూడా ఎప్పుడు మానేశాడో తెలియకుండానే మానేశాడు.

మొదటి సింహం పంచ ముందే ఉండిపోయింది. అమ్మ దాని వీపు మీద తడిగుడ్డలు ఆరేసేది, మేం ఎక్కి ఆడుకునేవాళ్ళం, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు దాని నోట్లో బీడీ ముక్కలు పడేసేవాళ్ళు. నాకు పెళ్ళయి నంద్యాల వచ్చాక, ఒకసారి పుట్టింటికి వెళితే అది కనిపించలేదు. నాయన వయసు పైబడి, కూర్చున్నచోటే చిన్న పనులు చేస్తున్నాడు. ఆయన చుట్టూ నేల మీద, గుప్పిట్లో పట్టేటంతటి రాతి ఎలుకలు వరుసగా ఉన్నాయి, చిన్న చిన్న వినాయకుళ్ళ ముందు పెట్టేవి. సింహం ఏదని అడిగితే ఆ ఎలుకల వైపు చెయ్యి చూపించాడు. "మంచి రాయి, ఊరికే ఎందుకు పోవాల? ఎలక కన్ను ఎట్లున్నా ఎవురూ చూడరు పాపా," అన్నాడు. ఒక దాన్ని నా చేతిలో పెట్టాడు. ఆయన ఇంకెంతో కాలం బతకలేదు.

ఆ ఎలుక మా దేవుడి గూట్లో ఉంది. మొన్న మనవరాలు వింతలన్నీ అయిపోయి, ఇప్పుడు నీ వంతు, నువ్వొకటి చెప్పవ్వా అంటే, దాన్ని తీసి పిల్ల అరచేతిలో పెట్టి, ఇది ఒకప్పుడు సింహమని చెప్పాను. పిల్ల కాసేపు నా ముఖం చూసి, ఫోనులో వెతికి, అట్లాంటిది ఎక్కడా లేదని తేల్చి, పగలబడి నవ్వింది. అన్నిటికంటే అవ్వ చెప్పిందే బాగుందని ఇల్లంతా ఒప్పుకుంది. నేను ఎలుకను తీసుకుని మళ్ళీ గూట్లో పెట్టాను.

ఆళ్లగడ్డ మీదుగా ఇప్పుడు పోతే ఉలి చప్పుడు తక్కువ, మిషన్ల రొద, తెల్లటి దుమ్ము. సింహాలు ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒక్క తీరుగా నోరు తెరిచి, కళ్ళు ఉబికించి గర్జిస్తుంటాయి. సర్కసుల్లో జంతువులు లేవు, లేకపోవడమే మేలు, ఆ బోను ముందు నిలబడ్డదాన్ని కాబట్టి చెబుతున్నాను. సింహం ఎంతసేపు నిద్రపోతుందో మా పిల్లకు తెలుసు. మేలుకుని ఉన్నప్పుడు అది ఎట్లా చూస్తుందో రాయిలో చెక్కిపెట్టిన మనిషి ఆ రోడ్డు మీద ఒక్కడే ఉండేవాడు, ఆ కళ్ళను ఆయన చేతులతో ఆయనే పొడి చేశాడు. చూపిద్దామంటే నా దగ్గర ఒక ఎలుక తప్ప ఏమీ లేదు.