ఒక గది, పదకొండు ఫారాలు

2004 ఫిబ్రవరి 8, ఆదివారం, మధ్యాహ్నం. హాజరైనవారు: రైల్వేలో రిటైరైన నేను, సూరత్ దగ్గరి కిమ్ నుంచి రైల్లో వచ్చే అమ్మాయి (బ్యాంకు ఉద్యోగి కూతురు), సూరత్‌లోనే కతర్‌గామ్ పేటలో మరమగ్గాల (సాంచాల) మీద పనిచేస్తూ చదువుకునే కరీంనగర్ వైపు యువకుడు. మా ఆవిడ టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది కనుక ఆమెను లెక్కలో వేయలేదు.

డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. తర్వాత రాయవలసింది అప్పుడు రాయలేదు.

ముగ్గురం విశ్వవిద్యాలయంలో డేటాబేస్ డిజైన్ చదువుతున్నాం. మర్నాడు పదకొండింటికి మా ప్రాజెక్టు చూపించాలి. సూరత్‌లోని తెలుగువాళ్ల సంఘం తెరవబోయే గ్రంథాలయానికి సభ్యుల జాబితా అది. జాబితాలో పేరుంటేనే కార్డు, కార్డుంటేనే పుస్తకం. ఆ యువకుడు తన గదిలో ఉండేవాళ్లందరి చేతా ఫారాలు రాయించి తెచ్చాడు.

పట్టికలు గీసింది నేను. ప్రతి వరుసకూ మరొకదానిలో రాని గుర్తు ఒకటి ఉండాలని పాఠం. ఒకే పేరువాళ్లు చాలామంది ఉంటారు కనుక చిరునామాను ఎంచుకున్నాను. ముప్పై ఏళ్లు క్వార్టర్లలో బతికినవాణ్ని. క్వార్టరు నంబరు చెబితే చాలు, మనిషెవరో తెలిసిపోయేది.

"అడ్రసు పెడితే కష్టం సార్. మా రూంల పన్నెండు మందిమి ఉంటం" అని అతను ముందే అన్నాడు.

"చుట్టపుచూపుగా వచ్చినవాళ్లని కూడా కలిపావేమిటయ్యా?" అని నవ్వాను.

ఆ ఆదివారం అమ్మాయి పేర్లు ఎక్కిస్తూ ఆగింది. "అంకుల్, ఈ రూంకి ఇతని పేరొక్కటే ఉంది. మిగతా ఫారాలేవీ?"

"అదే చిరునామాతో ఇంకో పదకొండు వచ్చాయమ్మా. ఒకటే మళ్లీ మళ్లీ రాశారనుకుని తీసేశాను."

"పేర్లు వేరే కదా అంకుల్?"

పేర్లు చూడలేదు. చిరునామా చూసి పక్కన పడేశాను. శనివారం పాత కాగితాలవాడు వస్తే దినపత్రికలతో పాటు అవీ తూకానికి వెళ్లిపోయాయి. ఆ మాట చెప్పక తప్పలేదు.

"అమ్మేసిన్రా సార్?" అతను గొంతు పెంచలేదు. "పన్నెండు గంటలు సాంచాలు నడిపొచ్చి, కూసొని రాసిచ్చిన్రు. గిప్పుడు వాళ్లకు ఏమని చెప్పాలె?"

తప్పయిందని నేను అనలేదు. "డిజైను మార్చేద్దాం, అదెంత పని" అన్నాను. నిజంగానే చిన్న పని. మనిషికొక సంఖ్య ఇచ్చి, చిరునామాలను వేరే పట్టికలో పెట్టాం. ఒక గదికి ఎంతమందినైనా ఎక్కించవచ్చు. పేర్లు మాత్రం లేవు.

"పొద్దుగాల ఆరున్నరకు రాండ్రి. పగలోళ్లు పోయేటప్పుడు, రాత్రోళ్లు వచ్చేటప్పుడు దొరుకుతరు" అని లేచాడు.

మర్నాడు కొత్త ఫారాలతో అతని గదికి వెళ్లాను. పగటి షిఫ్టువాళ్లు ఐదుగురు ఏమీ అడగకుండా రాసిచ్చి పనికి పోయారు. ఏడు దాటాక, జుట్టుకు దారపు పీచు అంటుకుని, రాత్రి షిఫ్టువాళ్లు ఆరుగురు వచ్చి పగటివాళ్లు లేచిన చాపల మీదే కూలబడ్డారు. చాపలు ఆరే.

"మళ్ల రాసుడేందిరా? మొన్న ఇచ్చినయి ఏం జేసినవ్?" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

అతను నా వైపు చూడలేదు. "పోగొట్టిన మామా. బస్సుల మరిచిన."

"నీ కంప్యూటర్ చదువు సల్లగుండ! పదకొండు కాయితాలు పట్టుకొనుడు రాలే!" గదంతా నవ్వింది. "పాపం, నీ మతిమరుపుకు సార్ గింత పొద్దుగాల వచ్చిండు సూడు. కూసోన్రి సార్" అంటూ పెద్దాయన తన చాప దులిపి నాకు వేశాడు.

కూర్చున్నాను. పారేసింది నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను.

"మీ పేరు చెప్పండి" అన్నాను.